ఫలం అడిగితే లోభమా?

2017 వేసవిలో నటుడు డేనియల్ డే కిమ్ 'హవాయి ఫైవ్-ఓ' సీరియల్ నుంచి తప్పుకున్నాడు. 2010 నుంచి ఏడు సీజన్లు అందులో డిటెక్టివ్ చిన్ హో కెల్లీ అతనే. తెరమీద నలుగురు ప్రధాన నటులూ ఒకే జట్టు. పారితోషికం దగ్గర మాత్రం అలెక్స్ ఓలాఫ్లిన్, స్కాట్ కాన్ ఒక మెట్టు పైన. కిమ్ సమానంగా ఇమ్మన్నాడు, బేరం కుదరలేదు. జట్టులో నాలుగో నటి గ్రేస్ పార్క్ కూడా అప్పుడే వెళ్లిపోయింది, తన నిర్ణయానికి కారణం ఒక్కటి కాదని తర్వాత చెప్పింది.

పెద్ద పెంపే ఇవ్వజూపామని సీరియల్‌ను ప్రసారం చేసిన సీబీఎస్ ప్రకటించింది. అసలు ప్రశ్న అక్కడే ఉంది. ఎక్కువ వస్తున్నా కాదన్నవాణ్ని లోభి అనగలమా?

ఇలాంటప్పుడు మనవాళ్లు గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం అందుకుంటారు: పని చెయ్యి, ఫలం అడక్కు అని. అది యుద్ధానికి వెనకాడిన అర్జునుడికి చెప్పిన మాట. పని చేయించుకునేవాడు కూలి తగ్గించడానికి చెప్పింది కాదు. పైగా ఆ యుద్ధం వచ్చిందే న్యాయమైన వాటా కోసం! ఐదూళ్లయినా ఇమ్మని అడిగి, అవీ దక్కకే పాండవులు ఆయుధం పట్టారు.

సమానులకు అసమాన వాటాలిస్తే తగాదాలు పుడతాయని అరిస్టాటిల్ కూడా తన నీతిశాస్త్రంలో రాశాడు. 'ఫ్రెండ్స్' సీరియల్ ప్రధాన నటులు ఆరుగురూ ఆ తగాదాకు చోటివ్వలేదు. కలిసే బేరమాడారు, చివరి రెండు సీజన్లకు ఎపిసోడ్‌కు తలా 10 లక్షల డాలర్లు అందుకున్నారు.

కిమ్‌కు అలాంటి ఉమ్మడి బేరం దక్కలేదు. అయినా అతను అడిగింది న్యాయమే.