మనవాళ్ళు బరిలో ఉన్నప్పుడు

2019 డిసెంబరు 28న ఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియంలో ఒక బాక్సింగ్ ట్రయల్ జరిగింది. 51 కిలోల విభాగంలో ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరు వెళ్ళాలో తేల్చే ఆట అది. ఒకవైపు మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. మరోవైపు మణిపూర్‌లోని కోమ్ తెగలో పుట్టి, ఆరుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన మేరీ కోమ్. ఒకరు మన రాష్ట్రం పిల్ల, ఒకరు మన గిరిజన అక్క. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల తండాల్లో, చెంచు పెంటల్లో పెరిగిన మనం ఎవరి పక్కన నిలబడాలి?

మేరీ కోమ్ 9–1 తేడాతో గెలిచారు. తెలంగాణ నుంచి వెళ్ళినవాళ్ళు కొందరు ఆ తీర్పు మీద అక్కడికక్కడే నిరసన తెలిపారు. వాళ్ళు చూసింది నిఖత్ కొట్టిన దెబ్బలను. మణిపూర్ వాళ్ళు చూసేది మేరీ కొట్టిన దెబ్బలను. ఇందులో ఎవరూ అబద్ధం ఆడకపోవచ్చు. మనసు ఎటు ఉంటే కన్ను అటే పోతుంది.

అసలు ఆ ట్రయల్ దానంతట అది జరగలేదు. మేరీ కోమ్‌ను నేరుగా పంపుతారన్న మాట వచ్చినప్పుడు నిఖత్ కేంద్ర క్రీడా మంత్రికి లేఖ రాసింది. గెలిపించమని కాదు, ఆడనివ్వమని అడిగింది. న్యాయం అడగడానికీ ఫలితం అడగడానికీ ఉన్న తేడా ఇదే. ఓడిపోయినా ఆమె అడిగింది తప్పు కాదు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ఆమె 5–0తో ప్రపంచ విజేత అయింది. అంతమాత్రాన ఢిల్లీ తీర్పు తప్పని రుజువు కాదు. అది వేరే రోజు, వేరే ఆట.

బాక్సింగ్‌లో జడ్జీలు రింగ్ చుట్టూ వేరువేరు వైపుల కూర్చుంటారు. ఒకరికి కనిపించిన దెబ్బ ఇంకొకరికి ఆటగాడి వీపు చాటున పోతుంది. డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోనూ ఇంతే. 2017 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో కనేలో అల్వారెజ్, గెన్నాడీ గొలోవ్‌కిన్ 12 రౌండ్లు ఆడారు. ఒక జడ్జి 118–110తో కనేలో గెలిచాడన్నారు, ఇంకొకరు 115–113తో గొలోవ్‌కిన్ గెలిచాడన్నారు, మూడోవారు 114–114 సమానమన్నారు. ఆట డ్రా అయింది. ఒకటి రెండు పాయింట్ల తేడాను అర్థం చేసుకోవచ్చు. 118–110 చూసి మాత్రం లోకం ముక్కున వేలేసుకుంది.

కాబట్టి తప్పుల్లో రకాలున్నాయి. కన్ను పొరబడటం ఒకటి, మనసు మొగ్గటం ఒకటి, అమ్ముడుపోవటం ఒకటి. మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. కానీ ఓడినవాడికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే అతనికి లెక్క ఎవరూ చెప్పరు. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్ తానే గెలిచాననుకున్నారు. చివరి రెండు రౌండ్లలో ఎక్కువమంది జడ్జీలు ఆమెకే మొగ్గారు. మూడు రౌండ్లు కలిపి కూడేసరికి కొలంబియాకు చెందిన ఇంగ్రిత్ వలెన్సియా 3–2తో గెలిచింది. ఢిల్లీలో తీర్పు అందుకున్న అక్కే ఇక్కడ తీర్పును ప్రశ్నించారు. ఏదో ఒకనాడు అందరం ఆ రెండో మూలలో నిలబడతాం.

చెడ్డ తీర్పు గెలిచినవాడినీ వదలదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలించాడని, కొరియా కుర్రాడు పార్క్ సి-హున్ 32 తగిలించాడని లెక్క తేలింది. అయినా 3–2తో పార్క్‌నే విజేత అన్నారు. ఆ మచ్చ ఆయన వెంట దశాబ్దాలు నడిచింది. చివరికి 2023లో అమెరికా వెళ్ళి, ఆ బంగారు పతకాన్ని జోన్స్ చేతిలో పెట్టి వచ్చాడు. తప్పు చేసింది జడ్జీలు, మోసింది ఇద్దరు ఆటగాళ్ళు.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మన పిల్లలను తక్కువ చేసి చూశారని మనకు కోపం ఉంది. అందులో నిజముంది. అయితే మనమూ కుర్చీల్లో కూర్చుంటాం. తండాలో నాయక్, కార్‌బారీ తగవు తీరుస్తారు. పెంటలో పెద్దమనిషి మాట చెబుతాడు. రెండు తండాల కబడ్డీకి ఒక తండా మనిషే అంపైర్. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో జట్టును ఎంపిక చేసేది మన సారే. ఆ వేళ మన కన్ను ఎటు పోతోంది?

మేము ఉపాధ్యాయులకు చెప్పేది చిన్న మాట. ఆటకు ముందే నియమం అందరికీ చెప్పండి. చూసేవాళ్ళు ముగ్గురుంటే మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్ళు రాయండి. మీ ఇంటి పిల్ల పోటీలో ఉంటే కుర్చీ దిగండి. ఓడిన పిల్లను పిలిచి ఎందుకు ఓడిందో కాగితం చూపించండి.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు లెక్క అడగండి, గొడవ మాత్రం ఎదుటి ఆటగాడి మీదకు పోనివ్వకండి. మనవాడు ఓడిన రోజు లెక్క చూపమని అందరం అడుగుతాం. మనవాడు గెలిచిన రోజు కూడా అడగగలిగితేనే మనం నిజంగా న్యాయం కోరుతున్నట్టు.