చోక్ గుంజే చెయ్యి

ఆదిలాబాద్ డిసెంబరు చలిలో పొద్దుగాల పాత ఫియట్‌ని లేపాలంటే ఒక పద్ధతుంది. చోక్ గుంజాలి, సెల్ఫ్ కొట్టాలి, ఇంజన్ దగ్గి దగ్గి అందుకున్నాక చోక్‌ని మెల్లగా లోపలికి తొయ్యాలి. తొందరపడితే ఆగిపోతుంది. మరిచిపోతే పెట్రోలు తాగి నల్లపొగ కక్కుతుంది. అదే బండి మే నెలలో రామగుండం దాటుతుంటే ఇంకో తిప్పలు. పంపులోనే పెట్రోలు ఆవిరై ఇంజన్ నిలిచిపోతుంది. పంపు మీద తడిగుడ్డ కప్పి చెట్టు నీడన కాసేపు ఆగాల్సిందే.

ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెడితే ఈ రెండు తిప్పలూ దాదాపు పోతాయి. మరి పాత ఇంజన్‌కి ఇంజెక్షన్ పెట్టాలా, కార్బురేటర్‌నే ఉంచాలా? గ్యారేజీలో ఇది ఖర్చు, మైలేజీల లెక్క. కానీ దాని కింద ఇంకో ప్రశ్న ఉంది: పాత వస్తువుని ప్రేమించడమంటే ఉన్నదున్నట్టు ఉంచడమా, బతికేలా మార్చడమా?

కార్బురేటర్‌లో గాలి సన్నటి గొంతులోంచి వేగంగా పోతుంటే అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ లోటే జెట్ అనే చిన్న రంధ్రంలోంచి పెట్రోలుని లాక్కుంటుంది. తెలివంతా ఆ రంధ్రం కొలతలోనూ, స్క్రూ తిప్పే మెకానిక్ చెవిలోనూ ఉంటుంది. ఇంజెక్షన్‌లో పంపు ఒత్తిడితో పెట్రోలు పంపుతుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని సెన్సార్ కొలిస్తే, ఎంత చిమ్మాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఒకదాన్ని మనిషి దిద్దాలి, రెండోది తనను తానే దిద్దుకుంటుంది.

చట్టం ఒక వైపు మొగ్గింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన బండి వింటేజ్‌గా నమోదు కావాలంటే ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. అలా నమోదైన బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజువారీగా తిప్పకూడదు. అంటే అసలు రూపం కావాలంటే తిరగడం మానుకోవాలి. గర్భగుడిలో విగ్రహంలాగా.

అయితే ఆ అసలు రూపం ఎక్కడుంది? రథమెక్కి వచ్చిన మిళింద రాజుని నాగసేనుడు అడిగింది ఇదే. ఇరుసు రథమా? చక్రాలు రథమా? నొగ రథమా? ఏదీ కాదు, అన్నీ కూడినప్పుడు మనం వాడుకునే పేరు రథం. ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉన్న నేల మనది, ఈ ప్రశ్న మనకేం పరాయిది కాదు. 1974 ఫియట్ ఉన్నదనుకోండి, అది తాగిన పెట్రోలే ఇప్పుడు లేదు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్. అప్పటి పెట్రోలుకి కొలిచి తొలిచిన జెట్‌లోంచి ఇది వస్తే మిశ్రమం పలచబడుతుంది. పాత రబ్బరు భాగాలు పాడవుతాయి. కార్బురేటర్‌ని మనం ముట్టుకోకపోయినా దాని లోకం మారిపోయింది.

కార్బురేటర్ వైపు వాదనకి అసలు బలం దాన్ని ఎవరైనా తెరవగలగడంలో ఉంది. సిరిసిల్ల నుంచి ఉట్నూరు దాకా ఎక్కడైనా సరే, స్క్రూడ్రైవరూ గిన్నెడు పెట్రోలూ ఉంటే చాలు, విప్పి, కడిగి, జెట్‌లోకి గాలి ఊది బిగించొచ్చు. కంప్యూటర్ పోతే చాలాసార్లు డబ్బా మార్చడం తప్ప దారి లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బుల్లెట్ కూడా ఇంజెక్షన్‌కి మారింది. చెవితో ట్యూనింగ్ చేసే విద్య కొత్త బళ్లకి అక్కర్లేకుండా పోయింది. ఏళ్లకేళ్లు చేతికి అబ్బిన పని ఇట్ల పోతే, ఆ మనిషికి అది కూలీ ఒక్కటే పోవడం కాదు.

కానీ ఈ వాదనలో మనం సులువుగా దాటేసేది బండి వెనక నిలబడ్డ మనిషిని. మిశ్రమం చిక్కబడ్డ ఇంజన్ కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వదులుతుంది. కరీంనగర్ టవర్ సర్కిల్ ట్రాఫిక్‌లో మన జ్ఞాపకాల ఖర్చుని తోపుడుబండి అతను కడతాడు. మనం ఇంతగా మెచ్చుకునే మెకానిక్ అయితే రోజంతా కడతాడు. వాళ్లిద్దరినీ ఎవరూ అడగలేదు.

అందుకే నాకు తోచే జవాబు బండి వయసుని బట్టి మారదు, వాడకాన్ని బట్టి మారుతుంది. ఏడాదికి నాలుగు రోజులు బయటికి తీసే బండైతే కార్బురేటర్ ఉండనీ, ట్యూనింగ్ మాత్రం సరిగ్గా ఉంచాలి. రోజూ జనం మధ్య తిప్పేదైతే, చట్టం ఒప్పుకునే మేరకు, ఇంజెక్షన్ పెట్టడమే న్యాయం. కారుకి అన్యాయం జరిగిందనే బాధ మనకుంటే, అది మనమే భరించాలి.

మెకానిక్ సంగతి మాత్రం అక్కడితో తేలదు. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, వాహనాలూ అందులో ఉన్నాయి. పోర్టల్‌తోనే పని కాదు. ఇంజెక్షన్‌ని తెరిచే టూలూ, చదివే సాఫ్ట్‌వేరూ వీధి చివరి షెడ్డుకి అందాలి. చోక్ గుంజిన చెయ్యి రేపు లాప్‌టాప్ పట్టుకోనీ. మన బండి మార్చుకున్నామని ఆ చెయ్యి ఖాళీగా కూర్చోవద్దు, గంతే.