సర్దారు నీడ

మారిషస్ చెరకుతోటలలో సర్దారు, మలయా రబ్బరుతోటలలో కంగాణి పరాయివారు కారు. కూలీల నడుమ నుండియే పైకి వచ్చినవారు. దొర మాటను కూలీకి, కూలీ మొరను దొరకు చేర్చగల నేర్పు వారికి ఉండెను. ఆ నేర్పే క్రమముగా అధికారమైనది. కంగాణి తన స్వగ్రామమునకే పోయి, తెలిసినవారినే ఓడ యెక్కించి, పనికి వచ్చిన తలకు ఇంత యని రుసుము పుచ్చుకొనెడివాడు. 1938లో భారత ప్రభుత్వము మలయాకు కూలీల వలసను నిలిపివేసినది. కాని కంగాణి విడిచిపోయిన ప్రశ్న నిలిచియే యున్నది. తనవారికి తెలియనిది తనకు తెలిసినప్పుడు, ఆ తెలివి సొత్తా, ఋణమా?

ఆ ప్రశ్న నేడు అరబ్ ఎమిరేట్స్‌లో మరల తలయెత్తుచున్నది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి సీమల నుండి అక్కడికి చేరిన శ్రామికునకు, నాటి తోటకూలీకి పోలిక పూర్తిగా కుదరదు. ఇతడు గడువు తీరగానే ఇంటికి మరలువాడు. అయినను సంతకము పెట్టిన కాగితమును తాను చదువలేని దుఃస్థితి పలువురి విషయములో నాటిదే. 2016లో అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ ఉద్యోగ ప్రతిపాదన పత్రములను పదకొండు భాషలలో ఇయ్యనారంభించినది. ఆనాటి జాబితాలో హిందీ, తమిళము, మలయాళము ఉన్నవి, తెలుగు లేదు.

కావున చదివి చెప్పువాడు కావలెను. నాలుగు వేల దిర్హముల జీతమైనను, వసతితో మూడు వేలైనను లేనిదే కుటుంబమును అక్కడికి రప్పించుకొనుటకు వీలులేదు గనుక, సోనాపూర్ శిబిరములలోని కూలీ బిడ్డలు అక్కడ ఉండరు. చదివి చెప్పువాడు ఏ డ్రైవరు కుమారుడో, ఏ చిన్న గుమాస్తా కుమార్తెయో. ఆ ఇంట కళాశాల ముఖము చూచిన మొదటి ప్రాణి. ఉగాదినాడు జంపఖానాలు పరచి, పచ్చడి పంచి సంఘసేవలో ప్రవేశించిన ఆ విద్యార్థి చేతికి ఒకనాడు ఎవరో ఒక కాగితము అందించుదురు. నాయకత్వము అక్కడనే మొదలగును, ప్రమాదమును అక్కడనే.

తండ్రి వయస్సువారు "సారూ" అని పిలువసాగుదురు. వేదికపై శాలువ కప్పుదురు. (శాలువలకు కొరత వచ్చిన సంఘము ఇంతవరకు కానరాదు.) ఎవరి కష్టము ముందు వినవలెనో, ఎవరిది రేపటికి త్రోయవలెనో నిర్ణయించు అధికారము తెలియకుండగనే చేతికి చిక్కును. సర్దారు కూడ ఇట్లే మొదలుపెట్టియుండును.

నాయకుడే వలదందురా? అదియు సరికాదు. వినయము పేర అందరును వెనుకకు తగ్గినచో కాగితము చదువబడకయే యుండును. యజమాని పాస్‌పోర్టు ఉంచుకొనరాదనియు, నియామకపు ఖర్చును కూలీ నుండి రాబట్టరాదనియు 2021 నాటి కార్మిక చట్టము చెప్పుచున్నది. చెప్పువాడు లేక ఆ చట్టము కూలీ గదిలో అడుగు పెట్టదు. విద్యార్థికి పేరు వచ్చుటలో దోషము లేదు. చూడవలసినది ఒక్కటే: రెండవమారు ఆ కూలీకి ఇతని అవసరము తగ్గినదా, పెరిగినదా? "నేను చూచుకొందును" అనుట సులువు. ఈ వరుసలోని అంకె మూలవేతనము, దీని క్రిందివి భత్యములు, సేవాంతమున వచ్చు గ్రాట్యుటీ మూలవేతనము మీదనే లెక్కింపబడును, మొదటి ఐదేండ్లకు ఏటికి ఇరువదియొక్క దినముల వంతున, అని ఓపికతో వ్రేలు పెట్టి చూపుట కష్టము. కాన్సులేటుకు దారి చెప్పి, అతనినే మాటలాడనిచ్చి, తాను ప్రక్కన నిలుచుట ఇంకను కష్టము.

మరుసటి నెల అదే గదిలో, క్రొత్తగా వచ్చినవాని కాగితముపై ఆ కూలీయే వ్రేలు పెట్టి మూలవేతనపు అంకెను చూపుచుండవచ్చును. ఆ సాయంత్రము విద్యార్థిని ఎవరును పిలువరు. అతడు తన పరీక్షకు చదువుకొనుచుండును.