వంగినా వేగం తప్పని జాయింటు

నాలుగు చక్రాలూ లాగే బండిలో ముందు చక్రాలది కష్టమైన పని. పక్కకు తిరుగుతూనే లాగాలి. ఇంజన్ ఇచ్చే శక్తి యాక్సిల్ చివర వంపు తిరిగి చక్రానికి చేరాలి. ఆ వంపు దగ్గర మామూలు క్రాస్ జాయింటు పెడితే, లోపలి షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతున్నా బయటిది ప్రతి చుట్టులో రెండుసార్లు ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. వంపు 30 డిగ్రీలైతే ఆ తేడా కిందికి 13 శాతం, పైకి 15 శాతం దాకా పోతుంది. దీనికి 1920ల చివర్లో ఫోర్డ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ జెప్పా చూపిన దారే మన మారుతీ జిప్సీ ముందు యాక్సిల్‌లోనూ ఉంది. లోపల ఒక రేస్, బయట ఒక రేస్, నడుమ ఆ రేస్‌ల గాడుల్లో ఆరు ఉక్కు బాల్స్, ఆ బాల్స్‌ను పట్టి ఉంచే కేజ్. అంతే.

విప్పినప్పుడల్లా నా చూపు ఆ కేజ్ మీదే నిలుస్తుంది. షాఫ్టు 30 డిగ్రీలు వంగితే అది బాల్స్‌ను సరిగ్గా 15 దగ్గర నిలబెడుతుంది. ఇటు షాఫ్టు పక్షమూ కాదు, అటు షాఫ్టు పక్షమూ కాదు. అలా ఉన్నంతకాలమే రెండువైపులా వేగం సమానం. మధ్యన నిలబడేవాడికి బలం కన్నా చోటు తప్పకపోవడం ముఖ్యమని నేను గట్టిగా నమ్మింది దీన్ని చూశాకే.

హబ్బు, స్పిండిల్ తీసి షాఫ్టు బయటికి లాగగానే గ్రీజు తుడిచెయ్యకూడదు. ముందు దాన్ని చూడాలి. నల్లగా, చిక్కగా ఉంటే మాలిబ్డినం గ్రీజు బాగానే ఉన్నట్టు. పాలు ఎక్కువైన కాఫీ రంగుకు తిరిగితే ఏ వాగులోనో నీళ్లు చొరబడ్డాయి. పల్చబడి కారుతుంటే లోపలి ఆయిల్ సీల్ పోయి డిఫరెన్షియల్ నూనె ఇటు వస్తోంది. సీల్ మార్చకుండా జాయింటు ఎంత కడిగినా దండగే.

తర్వాత లోపలి రేస్‌ను ఒక పక్కకు వంచి, పైకి లేచిన కేజ్ కిటికీలోంచి ఒక్కో బాల్ తియ్యాలి. అంతకు ముందే రేస్‌లకూ కేజ్‌కూ గుర్తులు పెట్టాలి. ఏ గాడిలోది ఏదో ఆ వరసలోనే గుడ్డ మీద పేర్చాలి. చూపుకి ఆరూ ఒకటే. కానీ ఇన్నేళ్లు బరువు మోస్తూ ప్రతి బాలూ తన గాడిని కాస్త అరగదీసింది, తానూ కాస్త అరిగింది. ఆ అరుగుదలలోనే వాటికి పొత్తు కుదిరింది. తారుమారు చేసి బిగించినా బండి కదులుతుంది, బరువు మాత్రం ఆరింటి మీదా సమానంగా పడదు. ఏళ్ల తరబడి ఒకచోట కలిసి పనిచేసిన మనుషులను కదిలించేవాళ్లు కూడా ఇంత జాగ్రత్త పడితే బాగుండునని అనిపిస్తుంది.

కిరోసిన్‌తో కడిగితే అరుగుదల పోదు, బయటపడుతుంది. గాడిలో గోరు తగిలే గుంటలు, కేజ్ కిటికీ మూలన వెంట్రుకవాసి పగులు. పగులు కనిపిస్తే మొహమాటం లేదు, మార్చాల్సిందే. నున్నటి అరుగుదలను మాత్రం నేను లోపాల్లో లెక్కెయ్యను. నమ్మకంగా చేసిన పనికి అది గుర్తు.

వీల్ బేరింగుల కోసం ఎలాగూ హబ్బు విప్పిస్తారు కదా, ఆ జాయింటు కూడా తీసి చూపించమని మేస్త్రీని అడగండి. కిరోసిన్ పూర్తిగా ఆరాకే కొత్త గ్రీజు పెట్టించండి. ఫోర్ వీల్ వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమని వినిపిస్తుంటే ఆ పని వాయిదా వెయ్యకండి.