బూడిదకు విల్లంగం

చెత్తను కాల్చి, మిగిలిన బూడిదను కాంక్రీటులో కలిపి ఇళ్లు కట్టుకోవచ్చంటున్నారు. మంచిమాటే. నూరు కిలోల చెత్త కాలిస్తే ఇరవయ్యో పాతికో కిలోల బూడిద మిగులుతుంది. అది ఎక్కడో ఒకచోట పడాల్సిందే. సింగపూరువాళ్లు సెమకావు దీవి దగ్గర సముద్రానికి గట్టు కట్టి, 1999 నుంచి అక్కడ పోస్తున్నారు. 2035 ప్రాంతానికి అదీ నిండిపోతుందని అంచనా. ఇక్కడ చూస్తే ఇసుక కోసం పాలారును గుంటలపాలు చేశాం. ఆ ఇసుకకు బదులు ఈ బూడిద వాడితే రెండు బాధలూ తీరతాయి కదా అనిపిస్తుంది.

నేను కామర్సు చదివినవాణ్ణి. అయినా ఏళ్ల తరబడి లెడ్జర్లు చూసిన కంటికి ఒక సంగతి తడుతుంది. రానిబాకీని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చినంత మాత్రాన వసూలైనట్టు కాదు. చెత్తలోని సీసం, కాడ్మియం మంటకు మాయమైపోవు. చాలావరకు బూడిదలోకే దిగుతాయి. ఆ బూడిదలోనూ రెండు రకాలు. కొలిమి అడుగున మిగిలేది ఒకటి. పొగగొట్టం దగ్గర వడపోతలో చిక్కేది రెండోది; డయాక్సిన్లు చేరేది ముఖ్యంగా ఇందులోనే. అడుగుబూడిదనైనా లోహపు ముక్కలు ఏరి, కొన్ని వారాలు నిల్వ ఉంచి గాని వాడకూడదు. అల్యూమినియం మిగిలితే సిమెంటు క్షారంతో కలిసి హైడ్రోజన్ పుట్టి కాంక్రీటు ఉబ్బి పగులుతుంది. ఉప్పు మిగిలితే లోపలి కమ్మీ తుప్పు పడుతుంది.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1994-99 మధ్య బైకర్ ప్లాంటు బూడిదను, ఈ రెండు రకాలూ కలిసిపోయినదాన్ని, జనం కూరగాయలు పండించుకునే తోటల దారుల్లో పరిచారు. తర్వాత పరీక్షిస్తే డయాక్సిన్లు, సీసంలాంటి లోహాలు బయటపడ్డాయి. దారి గనుక తవ్వి తీయగలిగారు. గోడైతే?

గోడ నిలిచినంతకాలం సిమెంటు ఆ లోహాలను చాలావరకు పట్టి ఉంచుతుంది. నిజమే. కానీ ఆ గోడను ఒకనాడు సుత్తితో పగలగొట్టే కూలీ ఇంకా పుట్టనేలేదు. అతని ఒప్పుకోలు ఎవర్నడిగి తీసుకోవాలి? చవక ఇటుక ముందుగా ఎవరి ఇంటికి చేరుతుందో చెప్పనక్కర్లేదు. చెత్త ఎక్కువ పోసేవాడి ఇంటికి మాత్రం కాదు.

అలాగని వద్దనడానికీ నాకు నోరు రాదు. గుట్టపోసినా అది ఎవరో పేదవాడి వాకిటే. కొడుంగయ్యూరు చూసినవాళ్లకు వేరే చెప్పాలా? మా తమిళనాట ఇల్లు కొనేవాడు మొదట విల్లంగం చూస్తాడు, ఆస్తి మీద ఎవరి బాకీ ఉందో తెలిపే కాగితం. ఏ ప్లాంటు బూడిద, ఎంత కలిపారు, పరీక్షలో ఏం తేలింది అన్నది కూడా అందులో ఎక్కాలంటాను. ధర పడిపోతుందని బిల్డర్లు గోలపెడతారు. పడనీ. అంత భయం లేని సరుకే అయితే ముందు కలెక్టరు బంగళాకో, మా బ్యాంకు హెడ్డాఫీసుకో వాడమనండి. అప్పుడు వాళ్ల మాట వింటాను.