చార్వాకుడి నెయ్యి ఎవరిది?

చార్వాకుడు అనగానే మనకు గుర్తొచ్చేది నెయ్యి. అప్పు చేసైనా నెయ్యి తాగమన్నాడట, బతికినన్నాళ్లూ సుఖపడమన్నాడట. నాస్తికుణ్ణి ఎత్తిపొడవాలన్నా, బ్యాంకు రుణాల మీద జోకు వేయాలన్నా ఈ శ్లోకమే. లోకాయతం, అంటే చార్వాక దర్శనం మీద ఏళ్ల తరబడి పనిచేసిన రామకృష్ణ భట్టాచార్య మాత్రం వేరే సంగతి ఎత్తిచూపారు. పాత గ్రంథాలు ఆ శ్లోకాన్ని ఉదహరించిన చోట అప్పూ లేదు, నెయ్యీ లేదు. మృత్యువు కన్ను పడనివాడు ఎవడూ లేడన్న మాటే ఉంది. నెయ్యి కనిపించేది 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహంలో. విచిత్రం ఏమిటంటే, గ్రంథకర్త మాధవాచార్యుడు అదే అధ్యాయం మొదట్లో పాత పాఠాన్నీ ఇచ్చాడు. జనం నోట నిలిచింది మాత్రం నెయ్యే!

నెయ్యి కలిపింది ఆయనేనని చెప్పలేం. కానీ చార్వాకులు జవాబు చెప్పుకునే వీలు లేదు. వాళ్ల మూలసూత్రాలు పోయాయి. మిగిలిన తునకలు చాలావరకు ప్రత్యర్థుల పుస్తకాల్లో ఉన్నవే. ఒక దర్శనం మొత్తం పోయి, దాని మీద వచ్చిన సమీక్షలు మిగిలాయన్నమాట.

సమీక్షకుడి ధర్మం ఏమిటన్న ప్రశ్నను ఇక్కడి నుంచే అడగాలి. పుస్తకం బాగుందా, బాగాలేదా అన్నది తర్వాతి మాట. రేపు ఈ పుస్తకం ఒక్క ప్రతి కూడా దొరక్కపోతే, ఈ సమీక్ష చదివినవాడికి అందులో ఏముందో తెలుస్తుందా?

మన దార్శనికులకు ఇందుకొక పద్ధతి ఉండేది. ముందు పూర్వపక్షం, అంటే అవతలివాడు విని ‘నేనన్నది అదే’ అని ఒప్పుకునేటంత నిజాయితీగా అతని వాదం చెప్పడం. ఆ తర్వాతే ఖండన. అందరూ దీన్ని పాటించారనుకోవడం భ్రమ. అయినా పాటించినప్పుడు ఏం జరిగిందో చూడాలి. మీమాంసకుడు కుమారిల భట్టు బౌద్ధాన్ని ఖండించడానికి మారువేషంలో బౌద్ధ గురువుల దగ్గరే చదువుకున్నాడనీ, ఆ గురుద్రోహానికి ప్రాయశ్చిత్తంగా ఊకమంటలో కూర్చున్నాడనీ శంకర విజయ కథలు చెబుతాయి. అది కథ. చరిత్ర ఇంకా రుచిగా ఉంటుంది. కుమారిలుడి బృహట్టీక ఇప్పుడు లేదు. అందులోని శ్లోకాలు అనేకం మనకు దొరికింది శాంతరక్షితుడి తత్త్వసంగ్రహంలో. 8వ శతాబ్దపు ఆ బౌద్ధుడు ఖండించడం కోసమే వాటిని ఉన్నవి ఉన్నట్టు ఎత్తిరాశాడు. ఆ బౌద్ధ గ్రంథపు సంస్కృత ప్రతిని కాపాడింది జైన భాండాగారాలు! శాంతరక్షితుడు కుమారిలుడికి ఒక్క మెట్టు కూడా దిగలేదు. అయినా అతని మాట చెక్కు చెదరకుండా అందించాడు.

ఇక మన ఆదివారం అనుబంధాల సంగతి. పావు పేజీ, అట్ట బొమ్మ, వెల, ప్రతులకు సంప్రదించాల్సిన ఫోన్ నంబరు, మిగిలిన జాగాలో ‘ఆర్ద్రత’, ‘సామాజిక స్పృహ’, ‘తప్పక చదవాల్సిన పుస్తకం’. ఆవిష్కరణ సభలో కప్పిన శాలువాకు ఇది కొనసాగింపు. ఎప్పుడో ఒకసారి చీల్చి చెండాడే సమీక్ష వస్తుంది, దాన్ని ధైర్యమని మెచ్చుకుంటాం. అందులోనూ పుస్తకం కనబడదు, సమీక్షకుడి కోపమే కనబడుతుంది. సొంత డబ్బుతో ఐదు వందల కాపీలు వేసుకున్న కవికి రెండు వైపులా నష్టమే. ఆ కాపీలు చెదలపాలైతే, అతని కవిత్వం గురించి మిగిలేది ఆ నాలుగు విశేషణాలే.

తీర్పు చెప్పొద్దని ఎవరూ అనరు. రచయిత ఏం చేయబోయాడో చెప్పి, అతని వాక్యాలు కొన్ని చూపించి, ఆ తర్వాత ఎంత గట్టిగానైనా కాదనవచ్చు. పావు పేజీలో అది కుదరదు. సంపాదకులు పది పుస్తకాలకు తలా కాస్త పంచడం మాని, వారానికి ఒక్క పుస్తకానికి రెండు పేజీలు ఇచ్చి చూడాలి. మరుసటి సంచికలో ఆ రచయిత జవాబుకూ చోటు ఉంచాలి. చార్వాకుడికి ఆ అవకాశం దొరకలేదు.