చవుక బేరము - ధర్మవిచారము

ఒకే సరకునకు రెండంగళ్లలో రెండు వెలలున్నప్పుడు తక్కువ వెలకు కొనుట లోకసహజము. మితవ్యయము గృహస్థధర్మములలోనిది. ఇల్లాలు కందిపప్పునందు మిగిల్చిన పది రూపాయలు పిల్లవాని పుస్తకమునకు వచ్చును గనుక అట్టి విచారణను పిసినితనమనుట తగదు. కాని ఆ చవుక యెక్కడనుండి వచ్చినదని యడుగుటయు ధర్మమే. మిగిలిన రూపాయ యెవరి భాగములోనిదో తెలిసికొనక సంతోషించుట వివేకము గాదు.

2022 ఏప్రిల్ 4వ తేదీ వఱకు కృష్ణా జిల్లాలో నుండి, నాటినుండి ఎన్.టీ.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేటల మెట్టసీమలో ఈ ప్రశ్న ప్రతినెలయు పుట్టుచున్నది. జీతము చేతికందిన వారము నందిగామవారు బెజవాడకును, జగ్గయ్యపేటవారు ఎల్ల దాటి కోదాడకును పోయి నెలవెచ్చములు తెచ్చుకొనుట కలదు. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేకపోవుటచే బెజవాడ ప్రయాణము మఱింత సులభమైనది. నెల కడపటి వారమున చేయి వట్టిదైనప్పుడు మాత్రము మనము వీధి చివరి కిరాణా కొట్టునకు పోయి, ఖాతాలో వ్రాసికొమ్మందుము.

చవుకకు మూలములు మూడు. నడుమనున్న వ్యర్థవ్యయము తొలగుటచే కలుగునది మొదటిది. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజారుల ఉద్దేశ మిదియే. దళారి తొలగినచో రైతునకు కొంత యెక్కువయు, కొనువానికి కొంత తక్కువయు లభించును. ఇది నిర్దోషమైన చవుక. తూనికలోనో కల్తీలోనో దాగియున్నది రెండవది. అది వేషము మార్చిన ప్రియమేగాని చవుక కాదు. ఇతరుని నష్టము మన లాభముగా మాఱుట మూడవది.

ఈ మూడవదానిని గుర్తించుట కష్టము. 2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటగా ప్రభుత్వము రైతుబజారులలో 50 రూపాయలకు అమ్మించినది. అప్పుడు కొనువారి మొఱ ఎల్లరును వినిరి. అదే యేట సెప్టెంబరులో కర్నూలు జిల్లా పత్తికొండలో ధర కిలోకు కొన్ని రూపాయలకు పడిపోయినది. అప్పుడు వంటయిండ్లలో మొఱ లేదు. మన మెట్టసీమలో మిరప పండించు రైతులు కలరు. 2025 ఆరంభమున మిర్చి వెల కూలగా కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయించి రైతును ఆదుకొనవలసివచ్చినది. అనగా కిలోకు 118 రూపాయలైనను నిండలేదు. కారము పొట్లము కొనువాడు దానిపైని వెలను ఈ వెలతో పోల్చి చూచినచో నడుమ నెంత యున్నదో తెలియును.

ఇక వీధి చివరి కొట్టు సంగతి. అచ్చట వెల యెక్కువని నిందింతుము. ఆ వెలలో సరకు ఖరీదొక్కటియే లేదు. అరువు పెట్టిన సొమ్మునకు వడ్డీయు, రాని బాకీల నష్టమును, చిన్న చిన్న పొట్లములు కట్టు శ్రమయు కలవు. రొక్కము గలవారు పట్నమునకు పోగా ఆ కొట్టునకు మిగులువారెవరు? మిరపకోతకు పోయి నాటి కూలితో నాటి వెచ్చములు కొనుక్కొను ఇల్లాలు. బస్తా బియ్యమునకు ఆమెవద్ద సొమ్ము లేదు. బస్సునకు ఛార్జీ లేకున్నను, పట్నమునకు పోయిన దినపు కూలి పోవును. ఆమె రొక్కమే యిచ్చును. కాని ఆమె యిచ్చు వెలలో మన నెలాఖరు అరువుపై వడ్డీ చేరియున్నది. జీతగాని అప్పునకు కూలిమనిషి వడ్డీ కట్టుట యే న్యాయము?

అట్లైన దయతలచి యెక్కువ వెలకు కొనవలెనా యని చదువరు లడుగవచ్చును. వలదు. ఇది దయకు సంబంధించినది కాదు, న్యాయమునకు సంబంధించినది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున స్వదేశపు సరకుపై నూటికి 5, పరదేశపు సరకుపై నూటికి 10 లాభము అనుమతించి, మించినవానికి దండనము విధించెను. మహాభారత శాంతిపర్వమున తులాధారుడను వర్తకుడు తపస్వియగు జాజలికి ధర్మము బోధించును. సర్వభూతములయెడ సమముగా నిలుచు త్రాసే యాతని వ్రతము. ఆ త్రాసునకు రెండు పళ్లెములు గలవు. ఒకటి కొనువాని వైపున నున్నది.

ఉపాయము లేకపోలేదు. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున నేతపనివారు మొదలగు 28 మంది చందాలు కూర్చిన సొమ్ముతో చిన్న కొట్టు తెఱచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము వారి నియమములు. మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో ఆ లెక్కనుబట్టి వారికే పంచిరి. 1904లో చెన్నపట్టణపు తిరువల్లిక్కేణిలో అట్టి సహకారసంఘము పుట్టినది. మన వీధులలో పది కుటుంబములు చేరి ఒకరిని పట్నమునకు పంపి, బస్తాలు తెప్పించి పంచుకొనవచ్చును. ఆ పదింటిలో రెండు కూలివారివి కావలెను. వారు వారమువారము చెల్లించినను చాలును. మఱియు కొట్టువానిని రొక్కమున కొక వెల, అరువున కొక వెల విడదీసి చెప్పుమని కోరవలెను. అట్లయినచో ఎవరి అరువు బరువు వారే మోతురు.

ఈ రెండును కుదరకున్నను మూడవది యెల్లరకు సాధ్యము. నెల మొదట సంచి చేతబట్టి బస్సెక్కుటకు ముందు వీధి చివరి కొట్టులోని ఖాతా చూచి, పాతబాకీ పైసతోసహా తీర్పవలెను. తీర్చిన పిమ్మట ఎచ్చట చవుకయైన అచ్చటనే కొనుడు.